నీళ్లలోంచి లేచాక: రోమా పత్రిక 6, 7, 8 అధ్యాయాల పనితనం

బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఏదో ఒకనాటికి అడిగే ప్రశ్న ఒకటుంది. కొందరు పాస్టరుగారిని అడుగుతారు. కొందరు ప్రార్థన కూటం ముగిశాక పక్కన కూర్చున్నవాళ్లను అడుగుతారు. చాలామంది ఎవరినీ అడగలేక లోలోపలే తిప్పుకుంటూ ఉంటారు. రక్షణ పొందినవాడు పాపం చేయడం పూర్తిగా మానేయాలా? మానలేకపోతే పొందిన రక్షణ పోయినట్టేనా? మానక్కర్లేదంటే ఆ రక్షణ దేని నుంచి?

దీనికి ‘అవును, మానాల్సిందే’ అని జవాబిస్తే నిజాయితీ ఉన్న ఏ విశ్వాసికీ రాత్రి కంటిమీద కునుకు పట్టదు. ‘అక్కర్లేదు’ అని జవాబిస్తే నిజాయితీ లేని ప్రతివాడూ హాయిగా నిద్రపోతాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట పౌలు ఈ ప్రశ్నను చేతిలోకి తీసుకుని, కుట్లు విప్పి, మళ్లీ మొదటి నుంచి కుట్టాడు. రోమీయులకు రాసిన పత్రికలో ఆరో అధ్యాయం మొదలుకొని ఎనిమిదో అధ్యాయం చివరిదాకా ఉన్నది ఆ కుట్టుపనే.

ఆ మూడు అధ్యాయాలను సిద్ధాంతం కోసం చదివినవాళ్లకు లెక్కలేదు. వాటిని చేతిపనిగా, అతుకు అతుకూ తడిమి చూస్తూ చదవాలన్నది నా చిరకాలపు కోరిక. ఎందుకంటే ఇక్కడి జవాబు ఏ ఒక్క వచనంలోనూ పూర్తిగా దొరకదు. ఒక వచనం ఇంకో వచనంలోకి దిగిన తీరులో అది ఉంది. ఒక్కదాన్ని ఊడబెరికి పట్టుకుంటే పక్కవాణ్ణి కొట్టడానికి పనికొస్తుంది, లేదా మన మనస్సాక్షిని జోకొట్టడానికి పనికొస్తుంది. కట్టడం మొత్తం చూసినప్పుడే అందులో మనిషి కాపురం ఉండగలడని అర్థమవుతుంది.

ఉత్తరం పుట్టిన ఊరు

క్రీ.శ. 57 ప్రాంతం. కొరింథు పట్నంలో గాయియు అనే విశ్వాసి ఇంట్లో పౌలు అతిథిగా ఉన్నాడు. ఆయన చెబుతుంటే తెర్తియు అనే లేఖకుడు రాస్తున్నాడు. పదహారో అధ్యాయంలో తెర్తియు తన పేరు తనే చెప్పుకుని వందనాలు కూడా పంపాడు. కొరింథు తూర్పు రేవైన కెంక్రేయలోని సంఘ పరిచారకురాలు ఫీబే ఈ ఉత్తరాన్ని రోముకు మోసుకెళ్లిందని చాలామంది పండితుల అభిప్రాయం. గ్రీకులో ఏడు వేల మాటలకు పైబడిన ఉత్తరం. అధ్యాయాల విభజన గానీ వచనాల సంఖ్యలు గానీ అందులో లేవు. వచనాల అంకెలు 1551లో చేరాయి. మొదటి శ్రోతలకు అది ఎవరో ఒకరు నిలబడి చదువుతుంటే చెవిన పడిన గొంతు.

కొరింథు అన్న పేరును మరిచిపోకూడదు. కొన్నేళ్ల కిందటే పౌలు ఆ ఊరి సంఘాన్ని గట్టిగా మందలిస్తూ రాయాల్సి వచ్చింది. అక్కడ వర్గాలు కట్టి కొట్లాడుకున్నారు. ఒకరి మీద ఒకరు కోర్టులకెక్కారు. ఒకడు తండ్రి భార్యను ఉంచుకున్నాడు. ప్రభువు బల్ల దగ్గర కూడా కొందరు తాగి తూలుతుంటే కొందరు ఆకలితో కూర్చున్నారు. అందరూ బాప్తిస్మం పొందినవాళ్లే. విశ్వాసి పాపం విషయంలో చనిపోయిన మనిషి అని పౌలు ఆరో అధ్యాయంలో చెబుతున్నది ఆ ఊళ్లో కూర్చునే. సంఘం లోపల ఏం జరుగుతుందో తెలియని అమాయకుడి మాట కాదది. అన్నీ చూసి, ఏడ్చి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి అలసిన మనిషి మాట. ఆ మాటకున్న బరువు అక్కడిది.

ప్రశ్నను తనే అడిగించుకోవడం

ఐదో అధ్యాయం ముగింపులో పౌలు ఒక సాహసం చేస్తాడు. పాపం పెరిగిన చోటే కృప దాన్ని దాటి పొర్లిందని అంటాడు. పొర్లడం అనే క్రియకే ‘మించి’ అనే అర్థమిచ్చే ఉపసర్గను తగిలించి మరీ అంటాడు. జాగ్రత్తపరుడైన బోధకుడైతే వెంటనే ఒక ‘అయితే’ జోడించి గట్టు కట్టేవాడు. పౌలు కట్టలేదు. ప్రవాహాన్ని అలాగే వదిలేసి, దాన్ని చూసి ఎవరు భయపడతారో వాళ్లనే లోపలికి పిలిచాడు. కృప అంతగా పెరుగుతుందంటే ఇంకా పాపంలోనే ఉండిపోదామా అని వాళ్ల తరఫున తనే అడిగాడు.

ఇది ఊహించి పెట్టుకున్న ఆక్షేపణ మాత్రమే కాదు. మేలు కలగడానికి కీడు చేయమని ఈయన బోధిస్తున్నాడంటూ కొందరు తన మీద నింద వేస్తున్నారని మూడో అధ్యాయంలోనే పౌలు చెప్పుకున్నాడు. ఆ నిందను దాచకుండా తెచ్చి వాదం నడిబొడ్డున కూర్చోబెట్టాడు. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం చెప్పి సిద్ధాంతం చేసినట్టే, ఆనాటి గ్రీకు బోధకులు ఎదుట లేని ప్రతివాది నోట ఆక్షేపణ పలికించి దాన్ని తోసిపుచ్చేవారు. బానిసగా బతికి తత్త్వవేత్త అయిన ఎపిక్టిటస్ బోధల్లో ఈ పద్ధతి పదేపదే కనిపిస్తుంది. తోసిపుచ్చడానికి పౌలు వాడే పలుకుబడి ‘మీ గెనోయిటో’, అంటే అలా ఎన్నటికీ జరగకూడదని. ఈ పత్రికలో అది పదిసార్లు వస్తుంది. తెలుగు బైబిలు ఇక్కడ దానికి ‘అట్లనరాదు’ అని ఒకే ఒక్క మాట పెట్టింది. గ్రీకు మాట జరగకూడనిదాన్ని అడ్డుకుంటే, తెలుగు మాట నోటితో అనకూడనిదాన్ని కూడా అడ్డుకుంటుంది. వాక్యం చదివేవాళ్లు ఆ మాట దగ్గర ఒక క్షణం ఆగితే చాలు, గదంతా సర్దుకుని కూర్చుంటుంది.

ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్న రెండుసార్లు వస్తుంది, మొదటి వచనంలో ఒకసారి, పదిహేనో వచనంలో ఒకసారి. పైపైన చూస్తే ఒకటే ప్రశ్న. క్రియలు చూస్తే తేడా తెలుస్తుంది. మొదటిచోట వాడిన క్రియకు ఒకచోట మకాం పెట్టుకుని ఉండిపోవడం అని అర్థం. రెండోచోట ఉన్నది పాపం చేయడం అనే క్రియ, అదీ ఒకానొక పనిని సూచించగల రూపంలో. అంటే మొదటిది కాపురం గురించిన ప్రశ్న, రెండోది పని గురించిన ప్రశ్న. ‘పాపంలో ఉండిపోవచ్చా’ అన్నది ఒక మనిషి అడుగుతాడు. ‘ఒక్కసారికి ఫరవాలేదా’ అన్నది వేరే మనిషి అడుగుతాడు. అదే మనిషి వేరే రోజున అడుగుతాడు. పౌలు ఇద్దరికీ విడివిడిగా జవాబు చెప్పాడు.

ఇంకో సూక్ష్మం ఉంది. ఈ అధ్యాయంలోని 23 వచనాల్లో పాపం అనే నామవాచకం గ్రీకులో పదహారుసార్లు వస్తుంది. పదహారుసార్లూ ఏకవచనమే. అడిగేవాళ్ల మనసులో ఉన్నవి పాపాలు, అంటే అబద్ధం, కోపం, దొంగచూపు, లెక్కల్లో మోసం. పౌలు మాట్లాడేది పాపం గురించి, ఏలే రాజు లాంటి, బానిసల్ని కొన్న యజమాని లాంటి ఒక శక్తి గురించి. ఎన్ని పాపాలు మానితే రక్షణ అని లెక్కలు వేసుకుంటూ వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, ‘నువ్వు ఎవరి ఇంటి మనిషివి?’ అని అడుగుతున్నాడు. ప్రశ్న మారింది అక్కడే.

నీళ్ల కింద

జవాబులో మొదట వచ్చే బొమ్మ పాతిపెట్టడం. బాప్తిస్మంలో విశ్వాసి క్రీస్తుతో పాటు పాతిపెట్టబడ్డాడని పౌలు చెబుతాడు. ముంచుడు బాప్తిస్మం చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. మనిషిని వెల్లకిలా వంచుతారు, తల మీదుగా నీళ్లు మూసుకుంటాయి, ఒక్క క్షణం ఆ మనిషి ఉన్న జాడ ఉండదు. ఒడ్డున నిలబడ్డ తల్లికి ఆ క్షణం ఎంత పొడుగ్గా ఉంటుందో!

తెలుగు నేల మీద ఈ బొమ్మకు ఒక పెద్ద రోజుంది. 1878 జులై 3న, ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1876లో మొదలైన మహా కరువు అప్పుడే వెనకబడుతోంది. మిషనరీ జాన్ క్లౌ కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బతికుండగానే ఊరు తమను ఊరి బయట ఉంచిన మనుషులు. నీళ్ల కింద పాత మనిషి పాతిపెట్టబడి కొత్త మనిషి లేస్తాడన్న మాట ఆ చెవులకు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచిస్తే, ఆరో అధ్యాయం ఒట్టి సిద్ధాంతం కాదని తెలుస్తుంది.

ఇప్పుడు పనివాడి చేతిని దగ్గరగా చూడాలి. క్రీస్తుతో చనిపోవడం గురించి చెప్పినప్పుడు పౌలు భూతకాలం వాడాడు. అది అయిపోయింది. క్రీస్తుతో లేవడం గురించి చెప్పినప్పుడు భవిష్యత్తు వాడాడు. అది రావాలి. మామూలు చేతికి సమతూకం మీద మోజు ఉంటుంది: చనిపోయాం, లేచాం అని రెండూ ఒకే కాలంలో పెట్టి ముగించేది. పౌలు ఆ తూకాన్ని కావాలనే తప్పించాడు. రెండింటి మధ్య ఖాళీ ఉంచాడు. ఆ ఖాళీలో వర్తమానంగా ఒక మామూలు మాట పెట్టాడు: నడవడం. కొత్త జీవంలో నడవడం.

మన ప్రశ్న కాపురముండేది సరిగ్గా ఆ ఖాళీలోనే. చావు వెనక ఉంది, పునరుత్థానం ముందు ఉంది, మధ్యలో కాళ్లున్నాయి. నడిచేవాడు తొట్రుపడొచ్చు. కానీ తొట్రుపడినవాడికీ వెనక్కి తిరిగి నడిచేవాడికీ తేడా ఉంది. ఈ ఒక్క కాలభేదాన్ని పౌలు పట్టుకోకపోయి ఉంటే ఏడో అధ్యాయం రాయడానికి ఆయనకు చోటే ఉండేది కాదు.

ఈ వచనాలను కుట్టిన దారం కూడా చూడదగ్గది. పాతిపెట్టబడటం, కలిసి పెరగడం, సిలువ వేయబడటం, జీవించడం అనే నాలుగు మాటలకూ పౌలు ‘సహ’ అనే అర్థమిచ్చే ఉపసర్గ తొడిగాడు. వాటిలో ‘కలిసి పెరగడం’ అన్నది మొక్కల భాష. రెండు కొమ్మలు ఒకదానికొకటి అతుక్కుని ఒకే కొమ్మగా ఎదగడం. తెలుగు బైబిలు అక్కడ ‘ఐక్యము’ అంది. అర్థం చెడలేదు, ఆకుపచ్చదనం కొంచెం తగ్గింది.

ఎంచడం

పత్రిక మొదలై ఐదు అధ్యాయాలు దాటినా పౌలు పాఠకులను ఉద్దేశించి ఇది చేయండి అని ఒక్క ఆజ్ఞ కూడా ఇవ్వలేదు. ఆరో అధ్యాయం పదకొండో వచనంలో మొట్టమొదటి ఆజ్ఞ వస్తుంది. పాపం మానండి అంటాడని ఎదురుచూస్తాం. ఆయన అన్నది ‘ఎంచుకోండి’ అని. పాపం విషయంలో చనిపోయినవాళ్లుగా, దేవుని విషయంలో బతికినవాళ్లుగా మిమ్మల్ని మీరు లెక్కగట్టుకోండి అని.

ఆ గ్రీకు క్రియ ‘లొగీజొమై’. ఖాతా పుస్తకాల మాట. ఈ మాటను పౌలు ఇక్కడ కొత్తగా తీసుకురాలేదు. నాలుగో అధ్యాయంలో అబ్రాహాము విశ్వాసాన్ని దేవుడు నీతిగా లెక్కించిన సంగతి చెబుతూ దాన్ని పదకొండుసార్లు వాడి, శ్రోతల చెవులకు అలవాటు చేశాడు. అక్కడ లెక్క రాసింది దేవుడు. ఇక్కడ అదే కలాన్ని విశ్వాసి చేతికిచ్చి, ఆయన రాసిన పద్దునే నీ పుస్తకంలోనూ రాసుకో అంటున్నాడు. అప్పు తీరిందని షావుకారే ఒప్పుకున్నాక కూడా బాకీదారు తన పుస్తకంలో అప్పు అలాగే ఉంచుకుంటే, ఆ ఇంటి ముందు నుంచి నడిచే ప్రతిసారీ తల దించుకుంటాడు.

ఇక్కడ తెలుగు అనువాదకులను మనసారా మెచ్చుకోవాలి. నాలుగో అధ్యాయంలోనూ ఆరో అధ్యాయంలోనూ వాళ్లు ‘ఎంచు’ అనే ధాతువునే నిలబెట్టారు. తెలుగులో ఎంచడమంటే లెక్కపెట్టడం, భావించడం, విలువకట్టడం కూడా. గ్రీకు మాటలోని బరువంతా ఆ రెండక్షరాల్లో కూర్చుంది. దారం తెగలేదు.

తొలి ఆజ్ఞ ఇలా ఉండటం వల్ల తర్వాతి ఆజ్ఞల రంగే మారిపోయింది. పాపాన్ని ఏలనివ్వకండి, మీ అవయవాలను దాని చేతికి ఆయుధాలుగా ఇవ్వకండి అని పన్నెండు, పదమూడు వచనాల్లో అంటాడు. అవి రక్షణకు చెల్లించే వెలగా వినిపించవు. ఇల్లు మారినవాడికి, పాత ఇంటి తాళంచెవి ఇంకా మొలలో ఎందుకని అడిగినట్టు వినిపిస్తాయి.

బత్తెం

రెండో బొమ్మ బానిసత్వం. రోములోని విశ్వాసులకు వందనాలు చెబుతూ పౌలు పదహారో అధ్యాయంలో ఇచ్చిన పేర్లలో చాలావరకు బానిసలకూ విముక్తి పొందిన బానిసలకూ ఉండే పేర్లేనని పండితులు చూపించారు. ఆ ఉత్తరం విన్నవాళ్లలో యజమాని అనే మాట వింటే వీపు జలదరించే మనుషులు ఉండి ఉంటారు. అలాంటి సభలో, మీరు ఇదివరకు పాపానికి బానిసలు, ఇప్పుడు నీతికి బానిసలు అనడం తేలికైన పని కాదు. పౌలుకూ ఆ సంగతి తెలుసు. పంతొమ్మిదో వచనంలో ఆగి, మీ బలహీనతను బట్టి మనుషుల రీతిలో మాట్లాడుతున్నానని చెప్పుకుంటాడు. తన ఉపమానం ఎక్కడ కుంటుతుందో తనే చెప్పే రచయితను నమ్మవచ్చు.

ఆ వరసలోనే పదిహేడో వచనంలో అచ్చు అనే అర్థమున్న మాట వస్తుంది. బోధ అనే అచ్చు. బోధను మీకు అప్పగించారని రాయడం సహజం. పౌలు తిరగేసి, మీరే ఆ అచ్చుకు అప్పగించబడ్డారని రాశాడు. బానిసను ఒక యజమాని నుంచి ఇంకొకరికి అప్పగించినట్టు, కరిగిన లోహాన్ని అచ్చులో పోసినట్టు. మనిషి బోధను పట్టుకుని తనకు కావలసినట్టు మలుచుకోవడం కాదు, బోధ మనిషిని పట్టుకుని మలుస్తుంది. అచ్చులో పడ్డ లోహానికి రూపం రావడానికి సమయం పడుతుందన్న ఊరట కూడా ఆ బొమ్మలోనే ఉంది.

అధ్యాయం చివరి వచనం గోడల మీద కూడా కనిపించేంత ప్రసిద్ధం. పాపం ఇచ్చే ఫలితం చావు అని చెప్పడానికి పౌలు ‘ఒప్సోనియా’ అనే మాట ఎంచుకున్నాడు. తెలుగు బైబిలు దాన్ని జీతం అంది. ఆ గ్రీకు మాట పుట్టుక తిండి నుంచి వచ్చింది. సైనికులకు తిండి నిమిత్తం లెక్క ప్రకారం ముట్టజెప్పే సొమ్ము అది. మనకు సరిగ్గా అలాంటి మాటే ఉంది: బత్తెం. జీతబత్తేలు అని కలిపి అంటాం కదా, అందులో రెండోది. పాపం తన కింద పనిచేసేవాళ్లకు రోజువారీ బత్తెం ఇస్తుంది, ఆ బత్తెం చావు. అంటే చివరి రోజున పడే శిక్ష ఒక్కటే కాదు, రోజూ పళ్లెంలోకి వచ్చే కూడు కూడా చావే. దీనికి ఎదురుగా దేవుని వైపు జీతమనే మాటే పెట్టలేదు, ‘ఖరిస్మా’ అన్నాడు. తెలుగు బైబిలు దాన్ని కృపావరం అంది. నిత్యజీవం కూలి డబ్బు కాదు. ఒక పక్క కూలి, ఇంకో పక్క వరం. ‘పాపం మానితే రక్షణ ఇస్తారా’ అని బేరమాడేవాడి ప్రశ్న ఈ ఒక్క మాటల పొందికతో కూలిపోతుంది. బేరం నడిచేది పాపం అంగట్లోనే.

గొంతు చీలిన చోటు

ఏడో అధ్యాయం పెళ్లి ఉపమానంతో మొదలవుతుంది. భర్త చనిపోతే భార్య ఆ భర్తకు సంబంధించిన కట్టడి నుంచి విడుదలవుతుంది. నిజం చెప్పాలంటే ఈ అతుకు కొంచెం వంకరగా పడింది. ఉపమానంలో చనిపోయింది భర్త, అన్వయానికి వచ్చేసరికి చనిపోయింది మనం. పౌలును ఎంత మెచ్చుకున్నా ఈ వంకర కనబడకపోదు. కానీ చెప్పదలచుకున్నది మాత్రం స్పష్టమే: చావు తెంచిన సంబంధాన్ని ఎవరూ మళ్లీ కలపలేరు.

తర్వాత జరిగేది నన్ను ప్రతిసారీ నిలబెట్టేస్తుంది. అంతవరకూ ‘మనం’, ‘మీరు’ అంటూ వచ్చిన గొంతు ఏడో వచనం నుంచి ‘నేను’ అవుతుంది. పదమూడో వచనందాకా భూతకాలం. పద్నాలుగు నుంచి వర్తమానం. చేయాలనుకున్నది చేయలేకపోవడం, వద్దనుకున్నదే చేయడం. ఆ మాట చెప్పిన తీరు చూడండి. పదిహేను నుంచి ఇరవై వచనాల దాకా వాక్యాలు గానుగెద్దులా తిరుగుతాయి. పదిహేడో వచనంలో వచ్చిన ముగింపే ఇరవైలో దాదాపు అవే మాటలతో మళ్లీ వస్తుంది. రాసేవాడికి మాటలు కరువయ్యాయనుకుంటే పొరపాటు. ఓడిపోతున్న మనిషి ఆలోచన నడిచే తీరే అది. రాత్రి పడుకుని అదే తప్పును అదే వరసలో పదోసారి నెమరువేసుకున్నవాళ్లకు ఈ వాక్యాల నడక తెలుసు.

చివరికి ఒక కేక వస్తుంది. ఆ కేకలో పౌలు ఎలా బయటపడతానని అడగలేదు, ఎవరు విడిపిస్తారని అడిగాడు. పద్ధతి కోసం వెతికినన్నాళ్లూ గానుగ ఆగలేదు, మనిషి కోసం పిలిచాక ఆగింది. వెంటనే కృతజ్ఞత వస్తుంది. వేరే రచయిత అయితే ఇక్కడ చుక్క పెట్టేవాడు. పౌలు పెట్టలేదు. కృతజ్ఞత చెప్పిన తర్వాత కూడా వెనక్కి వచ్చి, మనసుతో దేవుని నియమానికీ శరీరంతో పాప నియమానికీ ఊడిగం చేస్తున్నానని మళ్లీ చెప్పాడు. పోరు తీరలేదు. తీరినట్టు రాయడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఈ ‘నేను’ ఎవరు? పౌలేనా, మారుమనస్సుకు ముందటి పౌలా, ఆదామా, ధర్మశాస్త్రం కిందనున్న ఏ మనిషైనానా? ఈ ఒక్క సర్వనామం సంఘ చరిత్రను చీల్చింది. 386లో మిలాన్ తోటలో ఇదే పత్రికలోని పదమూడో అధ్యాయం చదివి జీవితం మార్చుకున్న అగస్టీన్, మొదట్లో ఈ ‘నేను’ కృపకు ముందున్న మనిషి అన్నాడు. మనిషి తన బలంతోనే పాపం మానగలడన్న పెలాగియస్‌తో వాదం ముదిరాక, కాదు, ఇది విశ్వాసి పౌలే అన్నాడు. 1515, 1516ల్లో విట్టెన్‌బర్గ్‌లో ఈ పత్రిక మీద పాఠాలు చెప్పిన లూథర్ ఆ రెండో దారినే పట్టి, విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ పాపీ కూడా అన్నాడు. 1738 మే 24న లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో, ఎవరో లూథర్ రాసిన రోమా పత్రిక ముందుమాట చదువుతుండగా జాన్ వెస్లీ గుండె వెచ్చబడింది. అదే వెస్లీ తర్వాత ఏడో అధ్యాయపు మనిషి ఇంకా ధర్మశాస్త్రం కింద ఉన్నవాడేననీ, ప్రేమలో పరిపూర్ణత ఈ జన్మలోనే సాధ్యమనీ బోధించాడు. గుంటూరు లూథరన్లకూ హైదరాబాదు మెథడిస్టులకూ ఈ తేడా వారసత్వంగా వచ్చింది.

నాకు తోచింది ఒక్కటే. ఆ సర్వనామాన్ని పౌలు ఖాళీగా వదిలింది చదివేవాళ్లు అందులోకి అడుగు పెట్టడానికి. ‘నేను’ అని గట్టిగా చదివిన ప్రతివాడూ ఆ క్షణాన తన గురించే చెప్పుకుంటాడు.

పోయిన ఆకులు

పౌలు ఉత్తరాల సంపుటుల్లో మనకు దక్కిన అతి పాతది సుమారు క్రీ.శ. 200 నాటి పపైరస్ పుస్తకం. పండితులు దాన్ని పి46 అంటారు. దాని ఆకులు కొన్ని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో, మిగతావి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మొదటి ఆకులు పోయాయి. మిగిలిన భాగం రోమా పత్రిక ఐదో అధ్యాయం పదిహేడో వచనం దగ్గర మొదలై ఆరో అధ్యాయం పద్నాలుగో వచనం దాకా నడుస్తుంది. తర్వాత మళ్లీ ఆకులు లేవు. ఏడో అధ్యాయం పూర్తిగా పోయింది. పాఠం తిరిగి అందుకునేది ఎనిమిదో అధ్యాయం పదిహేనో వచనం దగ్గర. బానిస భయం పోయి, దేవుణ్ణి ‘అబ్బా’ అని తండ్రిగా పిలిచే ఆత్మ వచ్చిందని చెప్పే వచనం అది. పిల్లలు ఇంట్లో నాన్నను పిలిచే అరమేయిక్ మాటను పౌలు గ్రీకు ఉత్తరంలో అలాగే ఉంచాడు.

ఆకులు పోవడం యాదృచ్ఛికమే. అయినా ఆ పుస్తకాన్ని తలుచుకున్నప్పుడల్లా మనసు అక్కడ ఆగుతుంది. ప్రశ్న మిగిలింది, పోరాటం పోయింది, పిలుపు మిగిలింది. చాలామంది బోధకులు చేతిలో పూర్తి బైబిలు పెట్టుకుని ఇదే పని చేస్తారు, ఆరు నుంచి ఎనిమిదికి ఒక్క గంతులో దాటేస్తారు. పౌలు దాటలేదు. ఏడో అధ్యాయం గుండానే నడిపించాడు.

ఎనిమిదో అధ్యాయం మొదటి మాటే తీర్పు: క్రీస్తులో ఉన్నవాళ్లకు శిక్షావిధి లేదు. ఆ తీర్పు ఎక్కడ వచ్చిందో గమనించాలి. ఏడో అధ్యాయంలో పోరు తీరకముందే, ఓటమి చెప్పుకున్న నోరు ఇంకా మూసుకోకముందే వచ్చింది. గెలిస్తే విడుదల చేస్తామని చెప్పి ఉంటే అది కోర్టు అయ్యేది. ముందే విడుదల చేసి, ఇప్పుడు పోరాడమన్నాడు. పోరాటం మాత్రం నిజం. పదమూడో వచనంలో, శరీరానుసారంగా బతికితే చస్తారని సూటిగా హెచ్చరించాడు. శారీర క్రియలను చంపమన్నచోట గ్రీకు క్రియ వర్తమానంలో ఉంది. ఒకసారి చంపి చేతులు కడుక్కునేది కాదు, చంపుతూనే ఉండాల్సింది. అదీ ఆత్మ సాయంతో.

ఆరో అధ్యాయంలోని ‘సహ’ దారం ఇక్కడ మళ్లీ పైకి వస్తుంది. సహవారసులం, సహబాధితులం, సహమహిమ పొందేవాళ్లం. సృష్టి అంతా కలిసి మూలుగుతుంది, కలిసి ప్రసవవేదన పడుతుంది. ఆత్మ మన బలహీనతలో చేయి కలిపి సాయం పడుతుంది. నీళ్ల కింద ఒక్కడే మునిగినట్టు కనిపించిన మనిషి చుట్టూ ఇప్పుడు లోకమంతా చేరింది. ఏడో అధ్యాయంలో కేకగా వినిపించిన ‘ఎవరు’ కూడా చివర్లో తిరిగి వస్తుంది. మనకు విరోధి ఎవరు, నేరం మోపేది ఎవరు, శిక్ష వేసేది ఎవరు, ప్రేమ నుంచి ఎడబాపేది ఎవరు అని. ఏడ్చిన మాటతోనే సవాలు చేయించాడు. నేను చదివిన వచనరచనలో ఇంత అందమైన అల్లిక అరుదు.

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చు. రక్షణ కోసం విశ్వాసి పాపం మానాలా? ఈ మూడు అధ్యాయాలూ చదివాక నాకు అర్థమైంది ఇది. పాపం మానడం రక్షణ వాకిట్లో కట్టే సుంకం కాదు, ఆ మాట వరం అన్నప్పుడే తేలిపోయింది. అలాగని లోపలికి వచ్చినవాడు పాపాన్ని తన ఇల్లు అనుకోలేడు. ఆ ఇంటి లెక్కలో అతను చనిపోయాడు. పాత యజమాని వీధిలో కనబడి పేరు పెట్టి పిలిస్తే పాత అలవాటున తల తిరగవచ్చు, ఒకోసారి కాళ్లు కూడా తిరగవచ్చు. అప్పుడు చేయాల్సిన పని పదకొండో వచనంలో ఉంది: మళ్లీ ఎంచుకోవడం. ఆ పిలుపుకు బదులు పలకాల్సిన మాట ఎనిమిదో అధ్యాయం పదిహేనో వచనంలో ఉంది. గుండ్లకమ్మలో మునిగి లేచిన ఆ 2,222 మందీ తడి బట్టలతోనే ఒడ్డెక్కారు. ఒడ్డున వాళ్లకోసం ఉన్నది నడవాల్సిన దారి.